డెబ్భై ఏళ్ళ వయసులో పలాసకు వచ్చిన బాబా

మన ఊళ్ళలో అరవై దాటిన మనిషి కాస్త ఉన్నవాడైతే, చేసింది చాలు, ఇంటిపట్టున కూర్చుని రామా కృష్ణా అనుకొమ్మంటారు. లేనివాడికి ఆ మాట చెప్పేవాళ్ళు కూడా ఉండరు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు గనక నడుం వంగినా నాట్లకు పోవాల్సిందే, కళ్ళు కనపడకపోయినా కలుపు తియ్యాల్సిందే. సెంటు భూమి లేనివాడికి పని విరమణ అనేది లేదు. అందుచేత ముసలితనంలో పని చెయ్యడం మంచిదని వ్యవసాయ కార్మికులకు ఎవరైనా చెప్పబోతే అది ఎగతాళి అవుతుంది. ఇక్కడ చెప్పబోయేది వేరే పని సంగతి. కడుపు కోసం కాక నలుగురి కోసం చేసే పని, సంఘం పని. అందులో వయసు మళ్ళినవాళ్ళకు చోటెక్కడ? దండ వేసి వేదిక మీద కూచోబెట్టి, సభ కాగానే బస్సెక్కించడమేనా?

ఈ ప్రశ్నకు తన బతుకుతో జవాబు చెప్పిన ఒక పెద్దాయన మన పలాసకు వచ్చాడు. 1940 మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ అయిదో మహాసభ పలాసలో జరిగింది. అప్పుడది విశాఖపట్నం జిల్లా, శ్రీకాకుళం జిల్లా ఇంకా ఏర్పడలేదు. యుద్ధం మొదలై ఆరునెలలైంది. మహాసభకు అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను సర్కారు ముందే అరెస్టు చేసి జైల్లో పెట్టింది. అధ్యక్షుణ్ణి లాక్కుపోతే మహాసభ చెదిరిపోతుందని తెల్లదొరలు అనుకున్నారు కాబోలు. రాహుల్‌జీ కుర్చీలో ఓ పంజాబీ ముసలాయన కూచుని సభ నడిపించాడు. ఆయన వయసు అప్పటికి డెబ్భై. పేరు బాబా సోహన్ సింగ్ భక్నా.

మన పాత కార్యకర్తల్లో గదర్ పార్టీ పేరు వినని వాళ్ళు తక్కువ. కానీ ఆ పార్టీ మొట్టమొదటి అధ్యక్షుడే ఇరవయ్యారేళ్ళ తర్వాత పలాస రైతు మహాసభకు అధ్యక్షత వహించాడంటే, ఇప్పటి కుర్రవాళ్ళలో చాలామందికి కొత్త సంగతే.

బాబా పుట్టింది 1870 జనవరిలో, అమృత్‌సర్ జిల్లాలో తల్లి పుట్టింటి ఊళ్ళో. సొంత ఊరు భక్నా. ఆ ఊరిపేరే ఆయన పేరులో చేరింది. తండ్రి కరమ్ సింగ్ భూమి ఉన్న రైతు. బిడ్డకు ఊహ తెలియకముందే ఆయన పోయాడు. పిల్లవాడు గురుద్వారాలో గురుముఖి నేర్చాడు, బళ్ళో ఉర్దూ, పారశీకం చదివాడు. చిన్నతనంలోనే పెళ్ళయింది. చేతికి ఆస్తి అందిన తర్వాత కుర్రతనం తలకెక్కింది. తాగుడు, జల్సా, చేరకూడని స్నేహాలు. పొలాలు తాకట్టులోకి పోయాయి. ఈ సంగతి దాచిపెట్టాల్సిన పని లేదు. పుట్టుకతోనే మహానుభావులైనవాళ్ళ కథలు మనకెందుకు? పాతికేళ్ళు దాటాక నామధారీ సిక్కు గురువు ఒకాయన సావాసంతో తాగుడు మానాడు. మానాడు గాని, అప్పులు మాత్రం మానలేదు.

1907లో పంజాబు రైతాంగం కదిలింది. కాలవ నీళ్ళ పన్ను పెంపు మీద, కాలవల కింద కొత్తగా ఇచ్చిన భూములపై రైతు హక్కును కోసేసే చట్టం మీద సభలు జరిగాయి. సోహన్ సింగ్ వాటిలో తిరిగాడు. కానీ సభలతో తాకట్టు విడవదు గదా. దుబాయి, కువాయిత్ అని ఇవాళ మన జిల్లాల నుంచి ఎలా పోతున్నారో, అప్పుడు పంజాబు నుంచి కెనడా, అమెరికా అని అలా పోయేవాళ్ళు. 1909లో ఆయనా ఓడెక్కాడు. అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్ళు నిండాయి. ఆ ఈడులో మన దగ్గర కొడుక్కి పెళ్ళి సంబంధాలు చూస్తారు. ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో రంపపు మిల్లులో దుంగలు మోసే కూలీగా చేరాడు.

అక్కడ తెల్లకూలీల చేత హిందూ దేశపు కూలీలను తన్నించి తరిమించే రోజులవి. జీతం తక్కువ, ఉండడానికి రేకుల కొట్టాలు, వీధిలో అడుగు పెడితే అవమానం. మిల్లుల్లో, పొలాల్లో పనిచేసే పంజాబీలు కూడబలుక్కుని 1913లో పసిఫిక్ తీరపు హిందీ సంఘాన్ని పెట్టుకున్నారు. అధ్యక్షుడిగా మిల్లు కూలీ సోహన్ సింగ్‌నే ఎన్నుకున్నారు. లాలా హరదయాళ్ ప్రధాన కార్యదర్శి, కాంశీరామ్ కోశాధికారి. ఆ ఏడు నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాళ్ళ పత్రిక వచ్చింది, పేరు గదర్. గదర్ అంటే తిరుగుబాటు. పత్రిక పేరే పార్టీ పేరయింది. మన దరిశి చెంచయ్యగారు కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఈ పార్టీలోనే చేరారు. ఆంధ్రదేశానికి గదర్‌తో రక్తసంబంధం అలా కలిసింది.

1914లో యుద్ధం రాగానే గదర్ వాళ్ళు వందలూ వేలుగా స్వదేశానికి బయల్దేరారు. తుపాకీ పట్టిన సిపాయిలను కదిలించి తెల్లదొరతనాన్ని కూల్చాలని వాళ్ళ తలంపు. సోహన్ సింగ్ ఎక్కిన ఓడ అక్టోబరులో కలకత్తా రేవుకు చేరింది. గట్టుమీద అడుగు పెట్టగానే పట్టుకున్నారు. లాహోరు కుట్ర కేసులో 1915 సెప్టెంబరులో ఇరవై నలుగురికి ఉరిశిక్ష, ఆస్తి జప్తు. దేశంలో అలజడి చూసి పదిహేడుగురికి ఉరిని యావజ్జీవంగా మార్చారు. మిగిలిన ఏడుగురిని నవంబరు 16న ఉరితీశారు. అందులో కర్తార్ సింగ్ శరాభా వయసు పందొమ్మిది. నలభై అయిదేళ్ళ సోహన్ సింగ్ బతికాడు, పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఉరికంబం ఎక్కాడు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రతి పని వెనకా ఈ సంగతి ఉందని నాకనిపిస్తుంది. కొసరుగా మిగిలిన ఆయుష్షు తన సొంతం కాదనుకున్నట్టే ఆయన నడిచాడు.

అండమాన్‌లో ఆరేళ్ళు. 1921లో మద్రాసు రాష్ట్రంలోని కోయంబత్తూరు జైలుకు, అక్కణ్ణుంచి ఎరవాడకు, 1927లో లాహోరు సెంట్రల్ జైలుకు తిప్పారు. పోయిన జైలల్లా పోరాటమే. అన్నీ చెప్పబోతే ఈ పేజీ చాలదు. వ్యవసాయ కార్మికులు తప్పక తెలుసుకోవాల్సింది 1928 జూన్ నాటి సంగతి.

లాహోరు జైల్లో సిక్కు ఖైదీలకు అన్నం పెట్టేటప్పుడు మజహబీ సిక్కులను విడిగా కూచోబెట్టేవాళ్ళు. మజహబీలంటే దళిత కులాల నుంచి సిక్కు మతంలో చేరినవాళ్ళు. పొలాల్లో పాలేర్లు, ఊళ్ళో పాకీ పనివాళ్ళు. అందరూ ఒకే పంక్తిలో భోంచెయ్యాలని గురువులు పెట్టిన మతంలోనే, అందరికీ సంకెళ్ళున్న జైల్లోనే ఈ వేరు పంక్తి! భూమిగల జాట్ కులంలో పుట్టిన సోహన్ సింగ్ దీన్ని ఒప్పుకోనని నిరాహారదీక్షకు దిగాడు. ఏళ్ళ తరబడి జైలు కూడు తిన్న ఒళ్ళు, యాభై ఎనిమిదేళ్ళ వయసు. విడుదల కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ తన మానాన తాను ఉండొచ్చు. ఉండలేదు.

మరుసటి ఏడు అదే లాహోరులో భగత్‌సింగ్, ఆయన తోటివాళ్ళు రాజకీయ ఖైదీల హక్కుల కోసం దీక్ష పట్టారు. జతీన్ దాస్ 63 రోజులు పస్తుండి సెప్టెంబరు 13న కన్నుమూశాడు. మనవల ఈడు కుర్రవాళ్ళకు తోడుగా సోహన్ సింగ్ కూడా అన్నం మానేశాడు. జైలు చట్టం లెక్కలో నిరాహారదీక్ష కూడా నేరమే. శిక్ష తగ్గింపు పోతుంది, విడుదల వెనక్కి జరుగుతుంది. తెలిసే చేశాడు.

1930 జులైలో వదిలారు. పదహారేళ్ళ జైలు. అరవై నిండిన మనిషి, వంగిన నడుం, జప్తు పాలైన ఆస్తి, పిల్లలు లేరు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన జీవితకథ ఇక్కడితో ముగిసినా ఎవరూ తప్పు పట్టరు. గదర్ అధ్యక్షుడు, అండమాన్ వీరుడు అని ఎక్కడికి పోయినా పూలదండలే. చాలామంది జీవిత చరిత్రలు రాసేవాళ్ళు కూడా ఇక్కడికి వచ్చేసరికి కలం సర్దేస్తారు. తర్వాతి ముప్ఫై ఎనిమిదేళ్ళను నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలైందనిపిస్తుంది.

జైలు నుంచి వచ్చిన బాబా చూసిన పంజాబు ఎలా ఉంది? ప్రపంచమంతటా మాంద్యం. గోధుమ ధర పడిపోయింది. శిస్తు పడలేదు, నీటి పన్ను పడలేదు, వడ్డీ అసలే పడలేదు. ఇరవై ఏళ్ళ కిందట తనను ఓడెక్కించిన అప్పే ఊరూరా రైతు గొంతు మీద కూచుంది. గదర్ నాటి బాట వేరు. కొద్దిమంది ధైర్యవంతులు, ఆయుధాలు, సిపాయిల తిరుగుబాటు. ఆ బాట ఎందుకు తెగిపోయిందో ఆలోచించుకోడానికి ఆయనకు పదహారేళ్ళు దొరికింది. రైతులనూ కూలీలనూ సంఘంగా కూడగట్టకుండా ఏదీ నిలవదన్న దారికి వచ్చాడు. కమ్యూనిస్టు ఉద్యమంలోకి, కిసాన్ పనిలోకి అడుగు పెట్టాడు. అరవై ఏళ్ళు దాటిన తర్వాత మనిషి తన వెనకటి బాటను తానే బేరీజు వేసుకుని, కొత్త పనిని మొదటి అక్షరం నుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో, పాత పద్ధతులకు అలవాటుపడ్డ మన కార్యకర్తలకు వేరే చెప్పాలా!

ఆయన ఒంటరిగా ఏమీ లేడు. అండమాన్ నుంచీ, ఇతర జైళ్ళ నుంచీ తిరిగొచ్చిన గదర్ ముసలివాళ్ళను పంజాబు రైతాంగం బాబాలని పిలిచింది. బాబా అంటే తాత. ఈ తాతలే అక్కడి కిసాన్ ఉద్యమానికి పునాదిరాళ్ళు. బాబా జ్వాలా సింగ్ సంగతి చూడండి. కాలిఫోర్నియాలో ఆలుగడ్డ సేద్యంలో లక్షలు గడించి, అంతా గదర్‌కు ధారపోసి, జైలు అనుభవించి వచ్చి, పంజాబు కిసాన్ కమిటీకి నాయకుడయ్యాడు. 1938 మే నెలలో బెంగాల్లోని కొమిల్లాలో జరిగే కిసాన్ మహాసభకు బయల్దేరి దారిలో బస్సు ప్రమాదంలో పోయాడు. ముసలాయన్ని అంత దూరం ఎందుకు పంపారని ఎవరైనా అడగొచ్చు. పంపడానికి ఆయనేమన్నా సామానా? ఆయనే పోయాడు.

1938లో అమృత్‌సర్‌లో శిస్తు పెంపు మీద రైతులు ఊరేగింపులు తీశారు, లాఠీలు విరిగాయి. 1939లో లాహోరు కిసాన్ మోర్చా వచ్చింది. జట్లు జట్లుగా వేలమంది రైతులు అరెస్టయ్యారు. బాబాలు ఉన్న ఊళ్ళో పోలీసు పటేళ్ళ బెదిరింపు అంతగా సాగేది కాదు. ఎందుకు సాగుతుంది? ఉరిశిక్ష పడి బతికొచ్చినవాణ్ణి ఆర్నెల్ల జైలుతో ఏం బెదిరిస్తారు? సంఘానికి ముసలివాడు ఇచ్చే బలం ఇది. కర్ర పట్టుకుని పరిగెత్తలేకపోవచ్చు. కానీ ఆయన అరుగు మీద కూచుంటే పక్కనున్న కుర్రవాడికి భయం పోతుంది.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. పంజాబు కిసాన్ ఉద్యమం ముందుపెట్టిన కోర్కెలు శిస్తు, నీటి పన్ను, అప్పు. ఇవి భూమి ఉన్నవాడి కోర్కెలు. ఆ భూముల్లో పాలేర్లుగా ఉన్న మజహబీల కూలిరేటు మాట అంత గట్టిగా ముందుకు రాలేదు. మన దగ్గరా కొన్నాళ్ళు ఇదే లోటు నడిచిందని పాతవాళ్ళకు తెలుసు. లాహోరు జైల్లో పంక్తి కోసం పస్తున్న బాబాకు ఈ లోటు కనపడలేదని నేననుకోను. కానీ ఉద్యమం నడక ఒక్క మనిషి చేతిలో ఉండదు.

మళ్ళీ పలాసకు వద్దాం. మందస జమీందారీలో అడవి మీద రైతులకున్న హక్కును జమీందారు బిగించేశాడు. నాగలికి కర్ర, పొయ్యికి పుల్ల, పశువుకు మేత అడవిలోంచి తెచ్చుకుంటే నేరం. ఆ పరిసరాల రైతాంగం అప్పటికే రగిలిపోతూ ఉంది. అలాంటి చోట దేశం నలుమూలల నుంచి వచ్చిన కిసాన్ ప్రతినిధులతో మహాసభ జరిగింది. జమీందారీలు పోవాలన్నది వాళ్ళ కోర్కె. దొరల యుద్ధానికి మన బిడ్డలూ మన ధాన్యమూ బలి కాకూడదన్నది ఆనాటి కిసాన్ సభ వైఖరి. పంతొమ్మిదేళ్ళ కిందట దక్షిణాది జైలుకు సంకెళ్ళతో వచ్చిన మనిషి, ఈసారి రైతుల అధ్యక్షుడుగా వచ్చాడు.

సభ ముగిసి అయిదు రోజులు తిరక్కుండానే ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అడవి నుంచి బళ్ళ మీద కర్ర తెచ్చుకున్న రైతులను అరెస్టు చేసి తీసుకుపోతుంటే సాసుమాన గున్నమ్మ దారికి అడ్డం నిలబడింది. తుపాకీకి ఎదురొడ్డి ప్రాణమిచ్చింది. ఆమెతోపాటు మరికొందరు నేలకొరిగారు. ఉద్దానం పల్లెలు ఇవాళ్టికీ వీరగున్నమ్మ అని తలుచుకుంటాయి. ఆమెది పడుచు ప్రాయం, బాబాకు డెబ్భై. వారం తేడాలో ఒకే నేల మీద ఒకే పోరుకు ఇద్దరూ నిలబడ్డారు. ఈ పోరులో ఈడు లెక్కేమిటి!

బాబాకూ ఆ ఏడే మళ్ళీ అరెస్టు. విచారణ లేదు, శిక్షాకాలం లేదు. యుద్ధపు రోజుల రక్షణ చట్టం. రాజపుతానాలోని దేవ్లీ నిర్బంధ శిబిరానికి తోలారు. రాహుల్‌జీ కూడా అక్కడికే చేరాడు. 1941 చివర్లో శిబిరంలో రెండు వందల మందికి పైగా ఖైదీలు నిరాహారదీక్ష చేశారు. తమ సొంత రాష్ట్రాల జైళ్ళకు పంపాలని, ఇంటి దగ్గర కుటుంబాలకు భత్యం ఇవ్వాలని వాళ్ళ కోర్కెలు. శిబిరం మొత్తం మీద పెద్ద వయసువాళ్ళలో బాబా ఒకడు. 1943లో బయటికొచ్చేసరికి డెబ్భై మూడు. అదే ఏడు అఖిల భారత కిసాన్ మహాసభ ఆయన సొంత ఊరు భక్నాలోనే జరిగింది. వేలమంది రైతులకు ఆ చిన్న పల్లె అన్నం పెట్టింది. మరుసటి ఏడు మార్చిలో ఆ మహాసభే మన బెజవాడకు వచ్చింది.

స్వరాజ్యం వచ్చింది. గదర్ అధ్యక్షుడికి స్వరాజ్యం ఏమిచ్చింది? 1948లో కమ్యూనిస్టుల మీద దాడులు సాగినప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళ బాబాను కూడా పట్టుకుపోయి జైల్లో పెట్టారు. తెల్లవాళ్ళ జైళ్ళు చూసినవాడు నల్లవాళ్ళ జైలూ చూశాడు. తెలంగాణాలో, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అదే రోజుల్లో మనవాళ్ళు ఏమి పడ్డారో గుర్తున్నవాళ్ళకు దీని రుచి తెలుస్తుంది.

విడుదలైన తర్వాత కూడా ఇరవై ఏళ్ళు బతికాడు. అప్పటికి పంజాబు రెండు ముక్కలైంది. భక్నా సరిహద్దు పల్లె అయింది. ఆయన జైలు పడ్డ లాహోరు పరాయి దేశమైంది. చూపు తగ్గింది, నడుం ఇంకా వంగింది. సభలకు పోవడం మానలేదు. ఊళ్ళో పిల్లల చదువు కోసం బడి నిలబెట్టే పనికి తిరిగాడు. గదర్ అమరుల పేర్లు మరుగున పడకుండా జలంధర్‌లో స్మారక భవనం కట్టే దేశభక్తుల కమిటీ పనిలో పాలుపంచుకున్నాడు. తన జ్ఞాపకాలను రాశాడు. రాయడం కూడా పనేనా అని కొందరనుకుంటారు. రైతు ఉద్యమంలో ఎంతమంది ముసలివాళ్ళు నోట్లో చరిత్రనంతా పెట్టుకుని, అడిగే దిక్కు లేక, అలాగే కాటికి పోయారో లెక్కెవరు తీశారు? ఈ మధ్య ఒక మండల మహాసభలో ఓ పెద్దాయనకు కండువా కప్పారు. ఆయన మాట్లాడాలని మైకు వైపు చూశాడు. టైము లేదని తర్వాతి పేరు పిలిచారు. కండువా సర్దుకుని కూచున్నాడు. ఆయన ఏం చెప్పబోయాడో నాకూ తెలియలేదు, ఆ పూట నేనూ అడగలేదు.

బాబా అందరికీ దొరికే మనిషి కాదంటారేమో. నిజమే, తొంభై ఎనిమిదేళ్ళు బతకడం అందరి వల్లా కాదు. పొద్దస్తమానం మడిలో వంగి పనిచేసే కూలీ ఆడమనిషికి అరవైకే ఒళ్ళు తీరిపోతుంది. ఆమెను తొంభై దాకా పనిచెయ్యమనడానికి ఈ కథ రాయలేదు. ఆమెకు పింఛను కావాలి, మందు కావాలి, నీడ కావాలి. వాటి కోసం సంఘం కొట్లాడాలి. అయితే ఆ కొట్లాటలో ముందు వరసలో కూచోడానికి, కూలిరేటు ఏనాడు ఎంత ఉండేదో, ఎవరి బంజరు ఎవరు కలుపుకున్నారో కుర్రవాళ్ళకు చెప్పడానికి ఆమె కంటే తగినవాళ్ళెవరు? భక్నా బాబాను అరవై ఏళ్ళ తర్వాత నిలబెట్టింది ఆయన గుండె ధైర్యం ఒక్కటే కాదు. పంజాబు రైతులు ఆయన్ని పటం చేసి గోడకు తగిలించలేదు. పని ఇచ్చారు, కమిటీలో కూచోబెట్టారు, తమతో తిప్పారు, ఆయన మాట కాదనిపించినప్పుడు వాదులాడారు. అధ్యక్షుడు అరెస్టయి కుర్చీ ఖాళీ అయినప్పుడు పలాసలో ఆయన చెయ్యి పట్టుకుని అక్కడ కూచోబెట్టారు.

1968 డిసెంబరు చలిలో ఆయన పోయాడు. వందకు ఇంకా ఏడాదే తక్కువ. కర్తార్ సింగ్ శరాభాను ఉరితీసి అప్పటికి యాభై మూడేళ్ళయింది.